ఒంటి ఇంజిన్ విమానం, దారిలేని నేల

రోడ్డు వేయడం కన్నా ఒక మట్టి రన్‌వేను చదును చేసుకోవడమే తేలికైన ప్రాంతాలు ప్రపంచంలో ఇప్పటికీ చాలా ఉన్నాయి. అమెజాన్ అడవుల్లో, పాపువా న్యూగినీ కొండల్లో, అలాస్కాలో, ఉత్తర కెనడాలో, ఆస్ట్రేలియా లోపలి ఎడారుల్లో నాలుగు నుంచి పది సీట్లుండే చిన్న విమానం చేసే పని తెలుగు పల్లెల్లో ఆర్టీసీ బస్సు చేసే పనికి భిన్నమైనదేమీ కాదు. రోగిని ఆసుపత్రికి చేర్చేదీ, బడి పంతులును ఊరికి దించేదీ, డీజిల్ పీపాలనూ ధాన్యపు బస్తాలనూ మోసేదీ అదే. వీటిలో అధిక భాగానికి ఒకే ఇంజిన్ ఉంటుంది. అది కూడా చాలావరకు, కారు ఇంజిన్ మాదిరిగానే సిలిండర్లలో పెట్రోలును మండించి పిస్టన్లను నడిపే రకం. కొనడానికి ఖర్చు తక్కువ, పొట్టి రన్‌వే చాలు, మారుమూల షెడ్డులో ఒక మెకానిక్ సాధారణ పనిముట్లతో విప్పి బిగించగలడు కనుకనే ఇది అక్కడ నిలదొక్కుకున్నది. అయితే ఆ ఒక్క ఇంజిన్ గాలిలో ఆగిపోయినప్పుడు, నగర శివారులో ఎగిరే విమానానికి అందుబాటులో ఉండే పొలమూ, రహదారీ, అంబులెన్సూ ఇక్కడ ఉండవు. అందువల్ల మారుమూల నేల మీద జరిగే అత్యవసర ల్యాండింగ్‌ను రెండు వేర్వేరు సమస్యలుగా చూడవలసి ఉంటుంది: ప్రాణాలతో నేలను చేరడం మొదటిది, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆ ప్రాణాలను నిలుపుకోవడం రెండవది. శిక్షణ గ్రంథాలు మొదటిదానికి ఇచ్చినన్ని పుటలు రెండవదానికి ఇవ్వవు గాని, చరిత్రను పరిశీలిస్తే రెండవదాని బరువు ఏమాత్రం తక్కువగా కనిపించదు.

విమానాన్ని గాలిలో నిలిపేది ఇంజిన్ కాదు, రెక్కలు. రెక్కల మీదుగా గాలి తగినంత వేగంతో పారుతున్నంత వరకు వాటికి ఎత్తే శక్తి ఉంటుంది. ఇంజిన్ ఆ వేగాన్ని సమకూరుస్తుంది, అది ఆగినప్పుడు పైలట్ ముక్కును కాస్త దించి, ఉన్న ఎత్తును కొద్దికొద్దిగా ఖర్చు చేస్తూ అదే వేగాన్ని సంపాదించుకుంటాడు. దీనినే గ్లైడింగ్ అంటారు. పైలట్ శిక్షణలో విస్తృతంగా వాడే సెస్నా 172 విమానం గాలి నిశ్చలంగా ఉన్నప్పుడు ఒక అడుగు ఎత్తు కోల్పోతూ దాదాపు 9 అడుగులు ముందుకు జారుతుంది. అంటే నేలకు 3,000 అడుగుల ఎత్తున ఇంజిన్ ఆగితే సుమారు 8 కిలోమీటర్ల దూరమూ, దాదాపు 4 నిమిషాల వ్యవధీ మిగులుతాయి. ఎదురుగాలి ఉంటే దూరం తగ్గుతుంది, వెనుకగాలి ఉంటే పెరుగుతుంది. ప్రతి విమానానికీ ఎక్కువ దూరం జారగల ఒక నిర్దిష్ట వేగం ఉంటుంది. సెస్నా 172కు అది గంటకు ఇంచుమించు 120 కిలోమీటర్లు. అంతకన్నా నెమ్మదిగా పోతే దూరం పెరుగుతుందనిపించడం సహజం గాని నిజానికి తగ్గుతుంది. మరీ నెమ్మదిస్తే రెక్కల మీద గాలి ప్రవాహం తెగి, స్టాల్ అనే స్థితి ఏర్పడి, విమానం అదుపు తప్పి కూలుతుంది. టేకాఫ్ అయిన వెంటనే తక్కువ ఎత్తులో ఇంజిన్ ఆగినప్పుడు రన్‌వేకే తిరిగి పోవాలన్న ఆశతో విమానాన్ని బాగా పక్కకు వాల్చి మలుపు తిప్పిన పైలట్లు ఇలాగే మరణించారు. ముందున్నది చిట్టడవే అయినా అదుపులో ఉన్న విమానంతో అందులోకి దిగడమే మేలని శిక్షకులు పదే పదే చెప్పడానికి కారణం ఇదే.

ఇంజిన్ ఆగడానికి గల కారణాలలో లోహం విరగడం, కవాటాలు పగలడం వంటివి ఉన్నప్పటికీ, ఇంధనానికి సంబంధించిన మామూలు తప్పిదాలు విస్మయం కలిగించేటంత తరచుగా ఎదురవుతాయి. ట్యాంకులో ఇంధనం నిజంగానే అయిపోవచ్చు, లేదా ఒక రెక్కలోని ట్యాంకు ఖాళీ అయి రెండవది నిండుగా ఉన్నా దానికి మార్చే మీటను పైలట్ తిప్పకపోవచ్చు. రాత్రంతా బయట నిలిపిన విమానపు ట్యాంకులో తేమ చేరి నీరుగా మారి అడుగున నిలిచిపోవచ్చు. అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంత ఇంధనాన్ని గాజు గొట్టంలోకి దించి, నీలిరంగు పెట్రోలు కింద రంగులేని నీటి పొర ఏమైనా ఉందా అని చూసే అలవాటు ఏర్పడింది. పీపాలలో ఇంధనాన్ని మోసుకుపోయి నింపుకోవలసిన మారుమూల రన్‌వేల మీద ఈ పరీక్షకు విలువ మరింత ఎక్కువ.

ఉష్ణదేశాల పాఠకులకు వింతగా తోచే కారణం మరొకటి ఉంది. గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరి కావడం వల్లనూ, ఇరుకు గొంతులో గాలి ఒత్తిడి పడిపోవడం వల్లనూ ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పైగా దిగజారగలదు. తేమ ఎక్కువగా ఉన్న రోజున బయట 20 డిగ్రీల ఆహ్లాదకరమైన వాతావరణం ఉన్నా లోపల మంచు పేరుకుని గాలి దారిని మూసివేస్తుంది. దీనికి విరుగుడుగా ఇంజిన్ వేడిని కార్బురేటర్‌లోకి మళ్ళించే ఒక మీటను అమర్చారు. జ్వలన వ్యవస్థ విషయంలో మాత్రం నిర్మాతలు మొదటినుంచీ జాగ్రత్త పడ్డారు: ప్రతి సిలిండర్‌కూ రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి బ్యాటరీతో నిమిత్తం లేకుండా విద్యుత్తునిచ్చే మాగ్నెటోలు రెండు ఉంటాయి కనుక ఒకటి చెడినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది.

పూర్తిగా ఆగిపోయిన ఇంజిన్ కన్నా సగం ఆగిన ఇంజిన్ ఎక్కువ ప్రమాదకరం. పూర్తిగా ఆగితే నిర్ణయం దానంతటదే జరిగిపోతుంది, దిగక తప్పదు. శక్తి తగ్గుతూ, పుంజుకుంటూ, మళ్ళీ తగ్గుతూ ఉన్నప్పుడు కింద కనిపిస్తున్న ఒక మోస్తరు మైదానాన్ని వదిలి, ఇంకొంచెం దూరంలో ఉన్న రన్‌వే వైపు పోవాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశను కాదనడానికి కావలసిన మనోనిబ్బరాన్ని ఏ చెక్‌లిస్టూ ఇవ్వలేదు. 2023 మే 1 ఉదయం కొలంబియాలోని అరారాక్వారా అనే అమెజాన్ గ్రామం నుంచి సాన్ హోసే దెల్ గ్వావియారే పట్టణానికి బయలుదేరిన సెస్నా 206 విమానపు ఇంజిన్ ఇలాగే తగ్గుతూ, పుంజుకుంటూ నడిచింది. పైలట్ మొదట ఇంజిన్ శక్తి పడిపోయిందని అత్యవసర సందేశం పంపి దిగడానికి చోటు వెతుకుతున్నట్లు చెప్పాడు. కొద్దిసేపటికి ఇంజిన్ కోలుకుందని తెలిపి ప్రయాణం కొనసాగించాడు. ఆ తర్వాత అది మళ్ళీ విఫలమైందని, ఒక నది కోసం చూస్తున్నానని చెప్పాడు. కింద ఎటు చూసినా దట్టమైన అడవే ఉన్న ఆ పైలట్ ఇంజిన్ కోలుకున్నాక ముందుకే పోవడాన్ని తప్పుపట్టడం కష్టం, ఎందుకంటే అతడు వదులుకున్న మైదానమంటూ అక్కడ ఏదీ లేదు.

అలాంటి క్షణంలో చేయవలసిన పనులకు ఒక వరస ఉంది. ముందు విమానాన్ని గ్లైడింగ్ వేగంలో స్థిరపరచాలి, తర్వాత దిగే చోటును ఎంచుకోవాలి, ఆ చోటు వైపు తిప్పాకే ఇంధనపు మీటలనూ మాగ్నెటోలనూ పరీక్షించి ఇంజిన్‌ను తిరిగి నడిపించే ప్రయత్నం చేయాలి, రేడియో పిలుపు ఆ తర్వాతిది. లోపాన్ని వెతకడంలో మునిగి విమానాన్ని నడపడం మరచిపోవడం ఎంతటి అనుభవజ్ఞులకైనా జరగగల పొరపాటు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలోని పావురాలగుట్ట మీద ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ కూలడానికి ఇంజిన్ ఆగిపోవడం కారణం కాకపోయినా, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థకు సంబంధించిన ఒక హెచ్చరికకు పరిష్కారాన్ని చెక్‌లిస్టులో వెతకడంలో సిబ్బంది కీలకమైన కొన్ని నిమిషాలు గడిపారనీ, అదే సమయంలో హెలికాప్టర్ ఉరుముల మేఘాలలోకి పోయి బలమైన దిగుడు గాలికి చిక్కిందనీ విచారణ తేల్చింది. ఇంజిన్ల సంఖ్య రెండైనా, సిబ్బంది ఇద్దరైనా ఈ ప్రమాదం తప్పేది కాదని ఆ ఉదంతం చూపుతుంది.

నేలను తాకే ఘట్టంలో ప్రాణాలను నిర్ణయించేది ప్రధానంగా వేగమే. చలనశక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక గంటకు 111 కిలోమీటర్ల వేగంతో తాకడం కన్నా 157 కిలోమీటర్ల వేగంతో తాకడం రెట్టింపు ప్రమాదకరం. ఇదే లెక్కను మరోవైపు నుంచి చూస్తే కొంత ఊరట కలుగుతుంది: 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం భూమ్యాకర్షణకు 9 రెట్ల బలంతో సమంగా మందగిస్తే ఆగడానికి 3 మీటర్ల దూరం కూడా అక్కరలేదు, 160 కిలోమీటర్ల వేగంలో అది పదకొండు మీటర్లు దాటుతుంది; భుజాల మీదుగా పట్టీ బిగించుకుని కూర్చున్న మనిషి శరీరం ఆ 9 రెట్ల బలాన్ని తట్టుకోగలదు. కాబట్టి రెక్కలు విరిగినా, చక్రాలు ఊడినా, అవి విరుగుతూ వేగాన్ని మింగుతున్నంత వరకు లోపలి మనుషులకు మేలే చేస్తున్నట్లు లెక్క. విమానాన్ని కాపాడాలన్న తాపత్రయం మనుషుల ప్రాణాలకు శత్రువు కావడం ఇక్కడే. అమెరికాలో 1978 జూలై తర్వాత తయారైన చిన్న విమానాలకే ముందు సీట్లలో భుజపట్టీని తప్పనిసరి చేశారన్నది, అంతకు ముందరి విమానాలు ఇప్పటికీ వేల సంఖ్యలో ఎగురుతున్నాయన్నది గమనించదగ్గ విషయాలు.

చెట్ల మీద దిగవలసి వస్తే గాలికి ఎదురుగా, రెక్కల వెనుక అంచుల్లోని ఫ్లాప్‌లను పూర్తిగా దించి, స్టాల్ కాకుండా సాధ్యమైనంత తక్కువ వేగంతో, ముక్కు కాస్త పైకెత్తి కొమ్మలలోకి విమానాన్ని ఒదిగించాలని శిక్షణలో నేర్పుతారు. కురచగా, దగ్గరదగ్గరగా, కొమ్మలు నేల దాకా పరుచుకుని ఉన్న చెట్లు విమానాన్ని పట్టి ఆపగలవు. పొడవాటి బోదెలతో, పైన మాత్రమే గుబురుండే చెట్లతో చిక్కు వేరు: విమానం కొమ్మల్లో వేగమంతా పోగొట్టుకున్నాక అక్కడినుంచి రాయిలా కిందపడుతుంది, 75 అడుగుల ఎత్తు నుంచి పడినా నేలను తాకేసరికి వేగం గంటకు 74 కిలోమీటర్లు దాటుతుంది. అమెజాన్ చెట్లు సరిగ్గా ఈ రెండవ రకానివి, పైగా అంతకన్నా పొడవైనవి. నది దొరికితే మేలని కొలంబియా పైలట్ భావించడం సబబే. అయితే నీటికి దాని ఇబ్బంది దానికుంది. చక్రాలు ముడుచుకోని విమానం నీటిని తాకగానే బోర్లాపడే అవకాశం ఎక్కువ. సెస్నా 206లో మరో చిక్కు కూడా ఉంది. దాని వెనుక వైపు రెండు రెక్కల తలుపుకు అడ్డంగా, దించిన ఫ్లాప్ వచ్చి పడుతుంది. వేగం తగ్గించుకోవడానికి ఫ్లాప్‌లు దించాలి, దించితే వెనుక కూర్చున్నవారు బయటపడే దారి ఇరుకవుతుంది. ఈ వైరుధ్యం ఆ విమానాన్ని నడిపేవారందరికీ చిరకాలంగా తెలిసినదే.

ఆ పైలట్‌కు నది అందలేదు. విమానం చెట్ల పైభాగాన్ని బలంగా ఢీకొనడంతో ఇంజిన్, ప్రొపెల్లర్ ఊడిపోగా, మిగిలిన భాగం దాదాపు నిలువునా నేల మీద పడింది. ముందు భాగం నుజ్జయింది, వెనుక భాగం అంతగా దెబ్బతినలేదు. పైలట్ సహా పెద్దవారు ముగ్గురూ మరణించగా, 13, 9, 4 ఏళ్ళ పిల్లలు ముగ్గురూ, 11 నెలల పసికందూ బతికారు.

రెండవ సమస్య మొదలయ్యేది ఇక్కడినుంచే. దీని తీవ్రతను తొలితరం విమానచోదకులు అతి కఠినంగా తెలుసుకున్నారు. 1929 మార్చి చివర్లో ఆస్ట్రేలియాలో విమానచోదకుడు కింగ్స్‌ఫర్డ్ స్మిత్ విమానం కనబడకుండా పోయినప్పుడు దానిని వెతకడానికి కీత్ ఆండర్సన్, బాబ్ హిచ్‌కాక్ అనే ఇద్దరు కూకబరా అనే చిన్న విమానంలో బయలుదేరారు. ఏప్రిల్ 10న ఇంజిన్ ఇబ్బంది పెట్టడంతో తనామీ ఎడారిలో దించారు. ల్యాండింగ్ చక్కగానే జరిగింది, ఇంజిన్ లోపాన్నీ సరిచేసుకోగలిగారు, కాని పొదలతో నిండిన ఇసుకనేల మీద మళ్ళీ పైకి లేవడానికి కావలసిన దారిని వట్టి చేతులతో తీర్చలేకపోయారు. రేడియో లేదు, నీరు అతి స్వల్పం. వారు వెతకబోయిన విమానం ఏప్రిల్ 12నే క్షేమంగా కనిపించింది; వీరిద్దరూ దాహంతో మరణించారు. నాలుగేళ్ళ తర్వాత, 1933 ఏప్రిల్ 12 రాత్రి, ఇంగ్లండ్ నుంచి కేప్‌టౌన్‌కు రికార్డు సమయంలో చేరాలని బయలుదేరిన బిల్ లాంకాస్టర్ విమానం ఇంజిన్ ఆగి సహారాలో కూలింది. వెతికేవారికి విమానమే పెద్ద గుర్తు అన్న నియమాన్ని పాటించి అతడు దానిని వదలకుండా, రెక్కల బట్టను చింపి రాత్రులు మంటలు వేస్తూ, దినచర్య రాసుకుంటూ 8 రోజులు నిరీక్షించాడు. ఫ్రెంచి సైనికులకు అతడి దేహమూ ఆ దినచర్యా దొరికింది 1962లో. నియమం సరైనదే, కాని విమానం ఎక్కడున్నదో చెప్పే సాధనం లేనప్పుడు ఆ నియమం ఒక్కటీ చాలదు.

ఆ సాధనం రావడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. 1967 మార్చిలో ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో కూలిన ఒక సెస్నాలోని కుటుంబంలో తల్లీ కూతుళ్ళు మంచులో దాదాపు 8 వారాలు బతికి, సాయం రాక మరణించారని అదే ఏడాది అక్టోబరులో దొరికిన వారి డైరీ వెల్లడించింది. ఆ ఉదంతం కలిగించిన కలత ఫలితంగా 1970లో అమెరికా చట్టసభ చిన్న విమానాలకు అత్యవసర బీకన్‌ను తప్పనిసరి చేసింది. ఇది నేలను బలంగా తాకిన కుదుపుకు తనంతట తానే మేల్కొని రేడియో సంకేతాలు పంపే చిన్న పెట్టె. ఆ చట్టం పూర్తిగా అమలులోకి రాకమునుపే, 1972 అక్టోబరు 16న అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ పక్ష నాయకుడైన హేల్ బాగ్స్ ప్రయాణిస్తున్న సెస్నా 310 అలాస్కాలో అదృశ్యమైంది. 39 రోజుల గాలింపులో ఆచూకీ దొరకలేదు, నేటికీ దొరకలేదు.

బీకన్ పలికినా వినేవారు ఉండాలి. అటుగా పోయే విమానాలు వింటాయన్న నమ్మకంతో మొదలైన ఏర్పాటు, శీతలయుద్ధం నడుస్తుండగానే సోవియట్ యూనియన్, అమెరికా, కెనడా, ఫ్రాన్సు కలిసి నిర్మించిన కాస్పాస్-సార్‌శాట్ ఉపగ్రహ వ్యవస్థతో అసలైన బలం పుంజుకున్నది. 1982 జూన్ 30న సోవియట్లు పంపిన తొలి ఉపగ్రహం ఆ సెప్టెంబరులోనే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కొండల్లో కూలిన చిన్న విమానపు సంకేతాన్ని పట్టుకోగా అందులోని ముగ్గురినీ రక్షించారు. ఆ ముగ్గురూ అంతకు ముందు గల్లంతైన మరో విమానాన్ని వెతకడానికి వెళ్ళినవారే కావడం కూకబరా కథను తిరగరాసినట్లుంటుంది. భారతదేశం కూడా ఈ వ్యవస్థలో భాగస్వామి. ఇస్రో ఆధ్వర్యంలో బెంగళూరు, లక్నోలలో భూకేంద్రాలు పనిచేస్తున్నాయి. పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లకు తమ విమానమేదో చెప్పే శక్తి లేదు, అవి పంపిన సంకేతాలలో అత్యధికం ఉత్తుత్తివే కావడంతో 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు వాటిని వినడం మానేశాయి. ఇప్పటి 406 మెగాహెర్ట్జ్ బీకన్లు విమానపు గుర్తింపు సంఖ్యను, జీపీఎస్ జతచేస్తే ఉన్న చోటును కూడా పంపుతాయి. అయినా కూలేటప్పుడు యాంటెన్నా తీగ తెగితే, విమానం బోర్లాపడితే, మంటల్లో కాలితే ఈ పెట్టె మూగబోతుంది. ప్రమాదం తర్వాత మేల్కొనే పరికరానికి ఉండే సహజమైన లోపమిది. ప్రయాణం పొడవునా కొన్ని నిమిషాలకు ఒకసారి ఉపగ్రహానికి స్థానాన్ని చేరవేసే అరచేతి పరికరాలు ఈ లోపాన్ని చాలావరకు పూడుస్తున్నాయి.

కొలంబియాలో విమాన శకలాలను చేరడానికే రెండు వారాలు పట్టింది. పెద్దల మృతదేహాలు దొరికాయి, పిల్లలు లేరు. నూరుమందికి పైగా సైనికులు, పదుల సంఖ్యలో ఆదివాసీ కార్యకర్తలు కలిసి వెతికారు. కదలకుండా ఉన్నచోటే ఉండమని అమ్మమ్మ హుయితోతో భాషలో చెప్పిన మాటలను రికార్డు చేసి హెలికాప్టర్ల నుంచి లౌడ్‌స్పీకర్లలో వినిపించారు, కరపత్రాలను, ఆహారపు పొట్లాలను జారవిడిచారు. విమానంలో ఉన్న కర్రపెండలం పిండి అయిపోయాక అడవి పండ్లతో, గింజలతో పిల్లలు నెట్టుకొచ్చారు. ఏది తినదగినదో పెద్దపిల్లకు తెలియడం వల్లనే అది సాధ్యమైంది. జూన్ 9న, 40వ రోజున, శకలాలకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో వారిని కనుగొన్నారు. విమానాన్ని వదలరాదన్న నియమాన్ని వారు పాటించలేదు, అందువల్ల వెతకడం కష్టమైంది. అయితే మృతదేహాల నడుమ పసికందుతో రెండు వారాలు అక్కడే ఉండవలసిందని ఆ పదమూడేళ్ళ పిల్లకు చెప్పడానికి ఏ నియమావళికి మాత్రం నోరొస్తుంది?

మనుషులు దొరకడం ఆలస్యమవుతుందన్న అంచనాతోనే రాసుకున్న చట్టం అలాస్కాది. అక్కడి విమానాలు ఎగిరేటప్పుడు ఒక్కొక్కరికి వారం రోజులకు సరిపడా తిండి, గొడ్డలి, ప్రథమ చికిత్స పెట్టె, కత్తి, నిప్పు రాజేసే సాధనం, చేపలు పట్టే గాలాలు, దోమల నుంచి కాపాడే తలవల, సంకేతాలిచ్చే పరికరాలు ఉండి తీరాలి. అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 1 వరకు మంచు మీద నడిచే బూట్లు, పడక సంచి, ఉన్ని దుప్పటి అదనం. వీటి బరువును ఎత్తగలగాలంటే ఒక ప్రయాణికుడినో, కొంత సరుకునో దించవలసి వస్తుంది కనుక విమాన యజమానులకు ఈ నిబంధన మీద మక్కువ ఉండదు. మారుమూల ప్రాంతాలకు విమానాలు నడిపే దేశాలలో చాలావాటికి ఇంత వివరమైన చట్టం లేకపోవడానికి ఆ బరువు లెక్క కూడా ఒక కారణమై ఉంటుంది.